దృశ్య భాండాగారం

పాఠ్యభాగ ఉద్దేశం

గ్రంథాన్ని భద్రపరచడం తెలుగువారికి తెలిసిన విద్యే. చలించే దృశ్యాన్ని, పలికే గొంతును భద్రపరచడం మనం ఇంకా నేర్చుకోవలసిన విద్య. హైదరాబాదు నగరంలో ఒక ఇంట అవధాన సభల వీడియో టేపులకు భాండాగారం ఏర్పడిన తీరును, అందుకు తోడ్పడిన సాధనాలను, ఆ పనిలో దొర్లిన ఒక పొరపాటును విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తాళ్లపాక కవుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాల పాటు ఉండిపోయాయి. అన్నమాచార్యులు (1408–1503) రచించిన సంకీర్తనలు 32 వేలని సంప్రదాయం చెబుతుంది. మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ రేకులు పండితుల దృష్టికి వచ్చిన తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు వాటిని పరిష్కరించారు. రేకు మీద రాగం పేరు ఉంది, పల్లవి ఉంది, చరణాలు ఉన్నాయి. పాడిన గొంతు మాత్రం లేదు. అది లోహానికి ఎక్కే వస్తువు కాదు.

రాగిరేకు సంపన్నుల సాధనం. సామాన్య పండితుని సాధనం తాళపత్రం. తాటాకును పురుగు తొలుస్తుంది, తేమ మెత్తబరుస్తుంది, ఎండ పెళుసు చేస్తుంది. ఎంత జాగ్రత్తగా దాచినా దానికి ఒక ఆయుర్దాయం ఉంది. అందువల్ల మన పూర్వులు ఆకును కాపాడటం కంటె ఆకు మీది పాఠాన్ని కాపాడటం ముఖ్యమని గ్రహించి, పాత ప్రతి శిథిలం కాకముందే కొత్త ప్రతి వ్రాయించేవారు. సి.పి. బ్రౌన్ (1798–1884) కడపలో పండితులకు సొంత ధనంతో జీతాలిచ్చి చేయించినది కూడా ప్రధానంగా ఈ పనే. ఒకే కావ్యానికి పలు ప్రతులు సేకరించి, పోల్చి, శుద్ధప్రతి వ్రాయించాడు.

ప్రతి వ్రాసిన లేఖకుడు చివర కొన్ని మాటలు చేర్చేవాడు. ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథినాడు, ఎవరి కోసం, ఎవరు వ్రాశారో ఆ మాటలు చెబుతాయి. కొన్ని ప్రతులలో గ్రంథసంఖ్య కూడా ఉంటుంది. ముప్పైరెండు అక్షరాలు ఒక గ్రంథం. ఆ లెక్క లేఖకునికి కూలి నిర్ణయించడానికి పనికివచ్చేది. ఎక్కడైనా పద్యం జారిపోతే కనిపెట్టడానికీ పనికివచ్చేది. ఈ రెండు సంగతులు విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఈ పాఠంలో వీటితో మళ్లీ పని పడుతుంది.

ఇక అవధానం సంగతి చూద్దాం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధానిని చుట్టుముట్టి కూర్చుంటారు. సమస్య, దత్తపది, వర్ణన, ఆశువు, అప్రస్తుత ప్రసంగం మొదలైన అంశాలలో నిషిద్ధాక్షరి మిక్కిలి కఠినమైనది. అవధాని వేయబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు ఊహించి దానిని నిషేధిస్తాడు. అవధాని మరొక అక్షరంతో దారి మళ్లుతాడు. పృచ్ఛకుడు ఆ దారికీ అడ్డుపడతాడు. ఆవృత్తికి ఒక పాదం చొప్పున నాలుగు ఆవృత్తులలో పద్యం పూర్తవుతుంది. చివర ధారణలో అవధాని అన్ని పద్యాలనూ ఒక్క కాగితమైనా చూడకుండా అప్పజెబుతాడు. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) ఈ విద్యను ఊరూరా ఊరేగించారు. వారి గొంతులలో ఆ సభలు ఎలా నడిచాయో మనం ఊహించుకోవలసిందే తప్ప వినలేము.

అచ్చయిన అవధాన సంపుటాలలో పూర్తయిన పద్యాలుంటాయి. కొన్ని సంపుటాలు నిషిద్ధాక్షరాలను కూడా చూపుతాయి. కాని అవధాని ఎక్కడ ఆగాడు, ఏ పదాన్ని పెదవి దాకా తెచ్చి వదిలాడు, సరిగ్గా ఏ క్షణాన అప్రస్తుత ప్రసంగి అడ్డు తగిలాడు, సభ ఎందుకు నవ్వింది — ఇవి అచ్చుకెక్కవు. ఒకప్పుడు తరగతిలో ఒక విద్యార్థిని, “సార్, నిషేధం పెట్టాక అవధానిగారు ఎంతసేపు ఆలోచిస్తారు?” అని అడిగింది. నా వద్ద పుస్తకాలున్నాయి గాని సమాధానం లేదు. “సభకు వెళ్లి చూడమ్మా” అని తప్పించుకొన్నాను.

ఆ ప్రశ్నకు సమాధానం చిక్కడపల్లిలో ఒక అటక మీద ఉందని చాలాకాలానికి తెలిసింది. చిక్కడపల్లిలో శ్రీ త్యాగరాయ గానసభ ఉన్నది. సంగీతం, నాటకం, సాహిత్య సభలతో సాయంత్రాలు అక్కడ సందడిగా ఉంటాయి. ఆ చుట్టుపక్కల వీధులలో సభ అంటే ప్రాణం పెట్టే పెద్దలు ఎందరో కాపురముండేవారు. వారిలో ఒకరు, ప్రభుత్వోద్యోగం చేసి విశ్రాంతి తీసుకొన్న పద్యప్రియులు, వీడియో కెమెరా కొన్న నాటి నుండి తాము వెళ్లగలిగిన ప్రతి అవధాన సభనూ చిత్రీకరించి దాచారు. వారు కాలం చేసిన కొన్నేళ్లకు ఇల్లు అపార్టుమెంటు కట్టడానికి ఇచ్చారు. సామాను సర్దుతున్నప్పుడు వారి భార్య నాకు కబురు చేశారు. అట్టపెట్టె నిండా టేపులు చూపించి, “బాబూ, ఇవి మీరు తీసుకెళ్తారా, పాత సామాను వాడికి వేసేయనా? పిల్లలు ఎవరికీ అక్కర్లేదంటున్నారు” అని అడిగారు. ఆ అడగడంలో నిష్ఠూరమేమీ లేదు. నలభైఒక్క టేపులు లెక్కపెట్టుకొని ఆటోలో నారాయణగూడలోని మా ఇంటికి తెచ్చుకొన్నాను.

తేవడమైతే తెచ్చాను, చూడటానికి సాధనం లేదు. 1976లో జపానులో పుట్టిన వీహెచ్ఎస్ టేపును ఆడించే యంత్రాన్ని లోకంలో చిట్టచివరిదాకా తయారుచేసిన జపాను కంపెనీ కూడా 2016లో ఆ పని మానుకొంది. టేపు స్వభావం తాటాకు స్వభావం కంటె అధ్వానం. పలుచని ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత ధూళిని బంకతో అంటించినదే టేపు. బంక తేమను పీల్చుకొని జిగురుతుంది, అంచులకు తెల్లని బూజు పడుతుంది. అయస్కాంత టేపులను 2025 నాటికి డిజిటల్ రూపంలోకి మార్చుకోకపోతే వాటిలోని సంపద శాశ్వతంగా చేజారవచ్చునని 2019లో యునెస్కో వారు లోకాన్ని హెచ్చరించారు. సినిమా చరిత్రలోనూ మనకు ఇదే అనుభవం. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో నిర్మించిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ చిత్రం ఈనాడు ఒక్క ప్రతి అయినా లభ్యం కాదు. దేశానికి జాతీయ చలనచిత్ర భాండాగారం పుణెలో ఏర్పడింది 1964లో. అప్పటికే అగ్గికి, తేమకు, నిర్లక్ష్యానికి ఎన్నో ఆహుతైపోయాయి.

ఈ పనిలో నాకు చేదోడుగా నిలిచినవాడు నా పూర్వవిద్యార్థి. ఇంజనీరింగ్ చదివి, అశోక్‌నగర్‌లో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటూ పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్నాడు. పగలంతా నగర కేంద్ర గ్రంథాలయంలో చదువు; రాత్రి భోజనం ముగించుకొని మా ఇంటికి వచ్చేవాడు. కోఠీ గుజరాతీ గల్లీలో పాత వీసీఆర్ ఒకటి, సికింద్రాబాదు చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏదో కార్యాలయం వదిలించుకొన్న పాత కంప్యూటరు ఒకటి, నాలుగేసి టెరాబైట్ల కొత్త హార్డ్‌డిస్కులు మూడు అతడే బేరమాడి తెచ్చాడు. కంప్యూటరు పాతదైనా ఫరవాలేదు గాని హార్డ్‌డిస్కు పాతది కొనరాదని అతని సిద్ధాంతం. నేనూ దానితో ఏకీభవిస్తాను.

టేపును డిజిటల్ చేయడంలో అడ్డదారి లేదు. మూడు గంటల టేపుకు మూడు గంటలు కూర్చోవాలి. నలభైఒక్కటిలో మూడు టేపులు బూజు పట్టి తిరగనే లేదు. మరొక టేపులో మొదటి నలభై నిమిషాల మీద ఎవరో టీవీ సీరియల్ ఎక్కించారు. సభ ప్రారంభం పోయింది. మిగిలినవాటికి సుమారు 114 గంటల దృశ్యం దక్కింది. గంటకు 13 గిగాబైట్ల లెక్కన మూలప్రతులు దాదాపు ఒకటిన్నర టెరాబైట్లు అయ్యాయి. వాటి నుండి, చూడటానికి అనువుగా గంటకు ఒక గిగాబైటు చొప్పున చిన్నప్రతులు తీశాము. మూలప్రతిని కదపకుండా దాచడం, చిన్నప్రతిని వాడుకోవడం: ఈ విభజన గ్రంథాలయాలలోనూ ఉన్నదే.

వీటిని ఇంటర్నెట్‌లో పెడితే లోకమంతా చూస్తుంది కదా అని మీకు తోచవచ్చు. నాకూ తోచింది. కాని పద్యం చెప్పినది అవధాని. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకులకు తమ ప్రదర్శన మీద హక్కు ఇచ్చింది. ఆ అవధానుల్లో కొందరు జీవించి ఉన్నారు, కొందరి సంతానం ఉన్నారు. అనుమతి అడగకుండా వీధిలో పెట్టడం మర్యాద కాదు. పైగా ఇతరుల అంగడిలో ఉంచిన సొమ్ము అంగడి యజమాని షరతులకు లోబడి ఉంటుంది. కనుక భాండాగారం ఇంట్లోనే ఉండాలి. ఇంట్లో ఎవరైనా, అడిగి వచ్చిన విద్యార్థి ఎవరైనా టీవీలోనో ఫోనులోనో చూడగలగాలి. ఇంటిలోని ఇతర పరికరాలకు ఇలా సేవ చేసే కంప్యూటరునే సర్వర్ అంటారు. అందులో వీడియోలను వరుసగా అమర్చి చూపే ఉచిత సాఫ్ట్‌వేరు జెల్లీఫిన్. ఇది 2018లో వెలసింది.

సాఫ్ట్‌వేరును నేరుగా కంప్యూటరులో దించితే ఒక చిక్కుంది. ఒక్కొక్కదానికి పదుల కొద్దీ ఉపాంగాలు కావాలి. ఒకటి కోరే ఉపాంగం మరొకదానికి సరిపడదు. ఉమ్మడి కుటుంబంలో తోడికోడళ్ల వంటగది తగవును పోలినది ఇది. దీనికి మందు వేరు కాపురమే. దానిని కంటెయినర్ అంటారు. పేరు ఓడరేవు నుండి వచ్చింది. పూర్వం బస్తాలు, పీపాలు, మూటలు ఒక్కొక్కటిగా కూలీలు మోసి ఓడకెక్కించేవారు. 1956లో మాల్కం మెక్లీన్ అనే అమెరికన్ వ్యాపారి 58 పెట్టెలను సరకుతో సహా ఒక ఓడ మీదికి ఎక్కించి న్యూజెర్సీ నుండి హ్యూస్టన్‌కు పంపాడు. పెట్టెలో ఏముందో ఓడకు అక్కరలేదు. పెట్టె కొలత ఒక్కటే అయితే చాలు. 2013లో వెలువడిన డాకర్ అనే సాధనం కంప్యూటరు లోకంలో ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. సాఫ్ట్‌వేరు, దానికి కావలసిన ఉపాంగాలన్నీ ఒక మూసలో ముందే సర్ది ఉంటాయి. మూస నుండి కంటెయినర్ పుడుతుంది. అక్కర తీరితే దానిని తుడిచివేసి, అదే మూస నుండి మరొకటి పుట్టించవచ్చు. కంటెయినర్ నశ్వరమని దాన్ని చేసినవారే ఒప్పుకొన్నారు.

ఆజ్ఞలన్నీ కంపోజ్ ఫైలు అనే చిన్న పాఠ్యఫైలులో ఉంటాయి. మా ఫైలు పట్టుమని పదిహేను పంక్తులు లేదు. ఏ మూస వాడాలో ఒక పంక్తి. ఏ ద్వారం గుండా లోపలికి రావాలో ఒక పంక్తి. జెల్లీఫిన్‌కు అది 8096. కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను లేవాలని ఒక పంక్తి. మిగిలినవి అన్నిటికంటె ముఖ్యమైనవి: కంప్యూటరులోని ఏ అర, కంటెయినర్ లోపల ఏ పేరుతో కనబడాలో చెప్పే పంక్తులు. రెండింటి మధ్య విసర్గను పోలిన రెండు చుక్కలుంటాయి. ఎడమ వైపుది మన ఇల్లు, కుడి వైపుది అద్దె ఇల్లు. వీడియోల అరకు చివర మళ్లీ రెండు చుక్కలు పెట్టి ‘ఆర్ఓ’ అని చేర్చాడు మావాడు. దాని వల్ల కంటెయినర్ ఆ అరను చదవగలదే గాని దిద్దలేదు, చెరపలేదు. ఈ ఫైలులో పంక్తి ముందు వదిలే ఖాళీలకు కూడా లెక్కుంది. నేను సొంతంగా ఒక పంక్తి చేర్చబోయి ఒక ఖాళీ ఎక్కువ వదిలితే సర్వర్ మొరాయించింది. “సార్, ఇది గణభంగం” అన్నాడు వాడు. పాఠం అప్పజెప్పినట్లు నాకే అప్పజెప్పాడు.

‘డాకర్ కంపోజ్ అప్’ అనే ఆజ్ఞ ఇచ్చిన కొన్ని నిమిషాలకు టీవీలో ముప్పైఎనిమిది సభలు వరుస తీరాయి. ఇక ప్రతి సభకూ వివరాలు చేర్చాలి: తేదీ, వేదిక, అవధాని, పృచ్ఛకులు, సంచాలకులు. టేపుల మీద వ్రాతలు వెలిసిపోయాయి. టేపుల యజమాని భార్యనూ, ఆ సభలకు వెళ్లిన ఇద్దరు పెద్దలనూ కూర్చోబెట్టి, ముఖాలు చూపి పేర్లు అడుగుతూ నెలన్నరపాటు జెల్లీఫిన్‌లో స్వహస్తంతో నమోదు చేశాను.

పొరపాటు ఇక్కడ జరిగింది. వీడియోల అరను మాత్రం బయట ఉంచాము. జెల్లీఫిన్ తన వివరాలను వ్రాసుకొనే అరను బయటి అరకు కలిపే పంక్తి వ్రాయడం మరచాము. అట్టి అరకు డాకర్ తానే ఒక అనామక స్థలం కేటాయిస్తుంది. కొత్త రూపం వచ్చిందని పాత కంటెయినర్‌ను తొలగించి కొత్తది పుట్టించాము. అంతటితో ఆగినా బాగుండేది. ఆ అనామక స్థలం వెతికితే దొరికేది. డిస్కు నిండుతోందని, వాడుకలో లేనివన్నీ ఊడ్చివేసే ఆజ్ఞ కూడా ఇచ్చాము. ఇచ్చినది నేనే, “ఆగండి సార్” అని వాడు అనేలోపు మీట నొక్కాను. వీడియోలన్నీ చెక్కుచెదరక ఉన్నాయి. పేర్లన్నీ పోయాయి. చివరి ఆకు ఊడిపోయిన తాళపత్ర గ్రంథాలను గ్రంథాలయాలలో ఎన్నో చూశాను. అటువంటివాటిని ముప్పైఎనిమిదింటిని ఒక్క నిమిషంలో నేనే తయారుచేశాను.

మళ్లీ అడుగుదామంటే, నాకు పేర్లు చెప్పిన పెద్దలలో ఒకరు ఆ మధ్యనే కాలం చేశారు. నా చిత్తుకాగితాలు, రెండవ పెద్దవారి జ్ఞాపకం కలిపి చాలావరకు పూరించాము. ఏడు సభలలో కొందరు పృచ్ఛకుల పేర్లు ఇప్పటికీ ఖాళీగా ఉన్నాయి. వారు తెరమీద కనిపిస్తారు, అవధానిని నిలదీస్తారు, చప్పట్లు అందుకొంటారు. ఎవరో చెప్పేవారు లేరు.

ఇప్పుడు వివరాలు జెల్లీఫిన్ లోపల లేవు. ప్రతి వీడియో ఫైలు పక్కనే, అదే పేరుతో, ఎన్ఎఫ్ఓ అనే రీతిలో ఒక చిన్న పాఠ్యఫైలు ఉంటుంది. జెల్లీఫిన్ దానిని చదువుకొంటుంది. రేపు జెల్లీఫిన్ లేకపోయినా ఏ కంప్యూటరైనా దానిని తెరుస్తుంది. లేఖకుడు వివరాన్ని గ్రంథం చివరనే ఎందుకు వ్రాశాడో, వేరే పట్టీలో ఎందుకు వ్రాయలేదో నాకు ముప్పై ఏళ్ల బోధన తరువాత తెలిసింది. గ్రంథసంఖ్యకు సాటి వచ్చేది కూడా ఒకటుంది. ఫైలులోని సమస్తాన్నీ లెక్కించి అరవైనాలుగు అక్షరాల సంఖ్యగా చెప్పే పద్ధతి అది. దానిని చెక్‌సమ్ అంటారు. ఎక్కడో ఒక్క బిందువు చెడినా సంఖ్య మారుతుంది. మూడు నెలలకొకసారి ఆ లెక్క సరిచూస్తాము. ప్రతులు మూడు: ఒకటి సర్వర్‌లో, ఒకటి బీరువాలో, ఒకటి విశాఖపట్నంలో మా అమ్మాయి ఇంట్లో.

టేపులిచ్చిన ఆమె ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. ఒక సభలో ఆమె భర్త కెమెరాను మరొకరికి అప్పగించి అప్రస్తుత ప్రసంగానికి కూర్చున్నారు. ఆయన అవధానిని “పద్యానికి పాదాలు నాలుగే ఎందుకు? మంచానికి కోళ్లు నాలుగని చూసి పెట్టారా?” అని అడిగితే సభ ఘొల్లుమంది. ఆమె నవ్వలేదు. “ఆ రోజు ఉప్మా చేశాను బాబూ. సభకు వేళైందని తినకుండా వెళ్లిపోయారు” అన్నారు. ఆ భాగం మళ్లీ పెట్టమన్నారు. పెట్టాము.

తరగతిలో ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు కూడా ఇప్పుడు సమాధానముంది. ఒక సభలో నిషిద్ధాక్షరి రెండవ పాదాన్ని గడియారం పెట్టి చూశాను. నిషేధానికి, తరువాతి అక్షరానికి మధ్య చాలాచోట్ల రెండు మూడు సెకన్లకు మించి లేదు. ఒక్కచోట మాత్రం పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లలో అవధాని కళ్లు మూసుకోలేదు, ఆకాశం వైపు చూడలేదు. ఎదుటి పృచ్ఛకుని ముఖాన్నే చూస్తూ, కుడిచేతి వేళ్లు తొడ మీద కదిలిస్తూ గణాలు లెక్కించుకొన్నాడు. ఆ పద్యం అచ్చులో చదివినవారికి ఆ చోట ఏ విశేషమూ కనిపించదు.

బూజు పట్టిన మూడు టేపులను పారవేయలేదు. తేమ పీల్చే పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచాను. మా శిష్యునికి నిరుడు ఉద్యోగం వచ్చి జిల్లాకు వెళ్లాడు. ఆదివారాలు ఫోనులో సర్వర్ యోగక్షేమాలు అడుగుతాడు. టేపు శుభ్రపరచడం తెలిసినవారి ఆచూకీ దొరికింది గాని, మా వీసీఆర్ తల అరిగిపోయింది. గుజరాతీ గల్లీలో ఇంకొకటి చూడాలి.

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. అవధాన సభల వీడియో భాండాగారం ఏర్పడిన తీరును వివరించండి.
2. తాళపత్ర గ్రంథాల సంరక్షణకు, దృశ్య సంరక్షణకు రచయిత చూపిన పోలికలను చర్చించండి.

ఆ. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. కంటెయినర్ అనే పేరు ఎలా వచ్చింది?
2. అచ్చయిన అవధాన సంపుటాలలో లభించని విషయాలేవి?
3. వివరాలన్నీ పోవడానికి కారణమైన పొరపాటు ఏది? దానిని తరువాత ఎలా సరిదిద్దారు?
4. వీడియోలను ఇంటర్నెట్‌లో ఎందుకు ఉంచలేదు?

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు

1. “పిల్లలు ఎవరికీ అక్కర్లేదంటున్నారు.”
2. “సార్, ఇది గణభంగం.”
3. “సభకు వేళైందని తినకుండా వెళ్లిపోయారు.”

ఈ. విడదీసి సంధి పేరు తెలపండి

భాండాగారం, నిషిద్ధాక్షరి, అష్టావధానం, ఒక్కొక్కటి

ఉ. విగ్రహవాక్యాలు వ్రాసి సమాసాల పేర్లు తెలపండి

రాగిరేకులు, తాళపత్రం, నలభై నిమిషాలు, గణభంగం

ఊ. భాషాకృత్యం

మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఉన్న ఒక పాత టేపును గాని, ఛాయాచిత్రాన్ని గాని తీసుకొని, అందులో ఉన్నవారెవరో పెద్దలను అడిగి తెలుసుకొని, లేఖకుని చివరిమాట వలె ఐదు వాక్యాలు వ్రాయండి.